మార్చింది వారు, నింద తెలుగుకా?

“తెలుగులో రాస్తే ఎవరు వెదుకుతారండీ?”

హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపురం, ఎక్కడ మన తెలుగు వర్తకుల వద్ద వెబ్‌సైటు ప్రస్తావన తెచ్చినా ఈ ప్రశ్న ఎదురవుతున్నది. అడిగేవారు తెలుగు రానివారు కారు. ఇంట తెలుగు మాట్లాడేవారు, అంగడిలో తెలుగులో బేరమాడేవారు, పెండ్లిపత్రిక తెలుగులో అచ్చువేయించేవారు. “మేమూ ఒకసారి తెలుగు పుట పెట్టి చూశామండీ, ఒక్కరూ రాలేదు, తీసివేశాము” అని కొందరు తమ అనుభవాన్ని కూడా జోడిస్తారు. దానితో వాదం ముగిసిందనే భావిస్తారు.

వాదం ముగియలేదు. అసలు విచారణే జరగలేదు. నేరం తెలుగు మీద మోపారు. సాక్ష్యమేమిటంటే పుటకు ఎవరూ రాలేదని అంటున్నారు. మరి ఆ పుటలో చివరకు నిలిచినది రచయిత రాసిచ్చిన తెలుగేనా? మధ్యలో అది ఎన్ని చేతులు మారింది? ఎవరు ఏ మాట తీసి ఏ మాట పెట్టారు? ఏ తేదీన పెట్టారు? ఈ ప్రశ్నలలో ఒక్కదానికైనా కాగితం మీద జవాబు ఉన్నదా? లేనపుడు ఆ తీర్పు ఎట్లా చెల్లుతుంది? తెలుగు పుట ఓడిపోయిందని చెప్పేముందు, ఆ పుటలో తెలుగును ఓడించినవారెవరో తేల్చాలి. ఈ వ్యాసంలో నా వాదం ఇంతే.

వెదుకులాటకై రాసే రాత

ఈ వృత్తితో పరిచయం లేని పెద్దల కోసం రెండు మాటలు. ఎవరైనా గూగుల్ వంటి సెర్చి ఇంజనులో ఒక మాట టైపు చేసినపుడు, అది తాను ముందే చదివి సూచిక కట్టుకొన్న కోటానుకోట్ల పుటలలో తగినవని తోచినవాటిని వరుసగా చూపుతుంది. ఆ వరుసలో తమ పుట పైన కనిపించాలని ప్రతి వర్తకుడూ కోరుకొంటాడు. అందుకు తగినట్లుగా శీర్షిక, ఉపశీర్షికలు, వివరణ, ధరలు, కొనుగోలుదారులు తరచు అడిగే ప్రశ్నలకు జవాబులు పద్ధతిగా రాసిపెట్టడం ఒక వృత్తిగా స్థిరపడింది. డిగ్రీ చదివి, ఇంటి బాధ్యతల వలన ఊరు విడువలేని మన సరిహద్దు జిల్లాల యువతీ యువకులకు ఇది ఇంట కూర్చుని చేసుకోగల పని. 2018లో గూగుల్ తన ప్రకటనల వ్యవస్థలో తెలుగును చేర్చుకొన్న తరువాత, తెలుగు పుటలకు ప్రకటనల ద్వారా రాబడి వచ్చే దారి కూడా తెరుచుకొన్నది. మన నుడి మన పిల్లలకు అన్నం పెట్టగల చోట్లు వేళ్ల మీద లెక్కించదగినవి. వాటిలో ఇది ఒకటి.

పని ఇచ్చినవారిని ఈ వృత్తిలో క్లయింటు అంటారు. మా న్యాయస్థానాలలో క్లయింటు అంటే కక్షిదారు. కక్షిదారు వాస్తవాలు చెబుతాడు, అర్జీ వకీలు రాస్తాడు. అర్జీలో తన తండ్రి పేరు తప్పు పడితే కక్షిదారు దిద్దిస్తాడు, అది ఆయన హక్కు. సెక్షను నంబరు చూడడానికి బాగాలేదని మాత్రం మార్చమనడు. వెబ్‌సైటు రాతలో అయితే ఆ సెక్షను నంబరును కూడా క్లయింటు మేనల్లుడు మారుస్తున్నాడు. మరునాడు కేసు ఓడిపోయిందని రచయితనూ, రచయిత భాషనూ తప్పుపడుతున్నారు.

ఒక గానుగ కథ

ఒక ఉదాహరణ కల్పించి చెబుతాను. కృష్ణగిరి జిల్లాలో ఒక తెలుగు కుటుంబం నూనె గానుగ నడుపుతున్నదనుకొందాం. హోసూరు, డెంకణికోట, ఇటు కుప్పం వైపు ఉన్న తెలుగు ఇళ్లకు నూనె అమ్మాలని వారి కోరిక. ఊరి అమ్మాయి ఒకతెకు తెలుగు పుట రాసే పని అప్పగించారు. ఆమె “చెనిక్కాయల గానుగ నూనె” అని శీర్షిక పెట్టింది. మొదటి పేరాలోనే దీనిని వేరుశనగ నూనె అనీ పల్లీ నూనె అనీ కూడా అంటారని చేర్చింది. గింజలు ఎక్కడ కొంటారు, గానుగ ఎట్లా ఆడుతుంది, లీటరు ధర ఎంత, ఏ ఏ ఊళ్లకు పంపుతారు, డబ్బా తిరిగి ఇస్తే ఎంత తగ్గిస్తారు, ఇవన్నీ విడివిడిగా రాసింది.

ఆ తరువాత మార్పులు మొదలైనాయి. చెనిక్కాయ అనేది పల్లెటూరి మాటగా ఉన్నదని పట్టణంలో చదివిన మేనల్లుడు పుటనిండా “గ్రౌండ్‌నట్ ఆయిల్” అని తెలుగు లిపిలో మార్చాడు. వెబ్‌సైటు నిలబెట్టే సంస్థవారు అడుగున ఒక పేరా అతికించారు. అందులో మంచి నూనె హోసూరు, చవక నూనె హోసూరు, ఉత్తమ నూనె హోసూరు అంటూ ఒకే మాట ఇరవైసార్లు వచ్చింది. మరొక బంధువు “ఈ నూనె వాడినవారికి మధుమేహం దరిచేరదు” అని ఒక వాక్యం చేర్చాడు. ధరలు పోటీదారుకు తెలుస్తాయని యజమాని ఆ వరుసలు తీసివేయించాడు. ఆరు నెలలు గడిచాయి. పుటకు ఎవరూ రాలేదు. తెలుగు పుట తీసివేశారు. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట!

ఇది కల్పిత కథే. కానీ ఇందులోని నాలుగు మార్పులూ ఈ పని చేసేవారెవరికైనా పరిచితమైనవే. ఒక్కొక్క మార్పు ఎందుకు హాని చేసిందో చూద్దాం.

జనం నోట ఉన్న మాటే దారి

సెర్చి ఇంజను ముందు కూర్చున్న మనిషి తన నోట ఉన్న మాటతోనే వెదుకుతాడు. రాయలసీమలోనూ హోసూరు సీమలోనూ చెనిక్కాయలు అన్నవే తెలంగాణలో పల్లీలు, పుస్తకాలలో వేరుశనగలు. మనం రాగులు అన్నవే ఉత్తరాంధ్రలో చోళ్లు, తెలంగాణలో తైదలు. రాగిపిండి అమ్మేవారు పర్లాకిమిడి తెలుగు ఇళ్లకు చేరాలంటే చోడిపిండి అనే మాట ఆ పుటలో ఒకచోటనైనా ఉండాలి. 2017లో గూగుల్ తెలుగులో నోటితో చెప్పి వెదికే వీలు కల్పించింది. టైపు చేయడం రాని అవ్వ కూడా నేడు ఫోనులో అడగగలదు. ఆమె అడిగేది “చెనిక్కాయ నూనె”. ఆమె నోట “గ్రౌండ్‌నట్ ఆయిల్” రాదు.

సెర్చి ఇంజను పర్యాయపదాలను కొంతవరకు పోల్చుకోగలదు. నిజమే. కానీ సరిహద్దు మాండలికపు మాటను అది సరిగా పోల్చుకొంటుందని పూచీపడగలవారెవరు? ఇంగ్లీషు మాటలకు దానికి దొరికినంత రాత మన మాటలకు దొరకలేదు. రాసి పెట్టని మాటను యంత్రం ఎట్లా నేర్చుకొంటుంది? మనం తీసివేసిన ప్రతి మాటా యంత్రానికి తెలియని మాటగా మిగిలిపోతుంది. ఆ తరువాత “చూశారా, ఈ మాట ఎవరూ వెదకడం లేదు” అని అదే యంత్రాన్ని సాక్షిగా పిలుస్తారు.

ఇక రెండవ మార్పు. ఒకే మాటను పుటనిండా దట్టించడం పాతబడిన మోసం. కీలకపదాల చిట్టాను పుట వెనుక దాచిపెట్టే ట్యాగును వరుస నిర్ణయించడానికి తాము వాడడం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులోనే ప్రకటించింది. పసలేని పుటలను కిందికి నెట్టే పెద్ద మార్పును 2011లో తెచ్చింది. పదాలు దట్టించడాన్ని తన నియమాలలో మోసపు పద్ధతిగా పేర్కొన్నది. 2024 మార్చిలో, వరుసలో పైకి రావడానికే కుప్పలు తెప్పలుగా పుట్టించిన పుటల మీద కూడా నియమం పెట్టింది. అయినా మన ఊళ్లలో ఇప్పటికీ “ఆ మాట ఇంకా పదిసార్లు వేయండి” అనే ఆజ్ఞ వస్తూనే ఉన్నది. దేవుని పేరు కోటిసార్లు రాస్తే పుణ్యం రావచ్చు, నూనె పేరు కోటిసార్లు రాస్తే గిరాకీ రాదు.

ధరలు, ఊళ్ల పేర్లు, వేళలు తీసివేయడం అన్నిటికన్న పెద్ద నష్టం. చదువరి వచ్చేది వాటికోసమే. పుట కింద కనిపించే రెండు వరుసల పరిచయాన్ని గూగుల్ చాలావరకు పుటలోని రాతనుండే తీసుకొంటుంది. 2021 ఆగస్టు నుండి శీర్షికలను తయారుచేసే పద్ధతిని కూడా మార్చుకొని, యజమాని పెట్టిన శీర్షిక సరిపోలేదనిపిస్తే పుటలోని ఇతర రాతనుండి శీర్షిక ఎత్తి చూపుతున్నది. అంటే శీర్షికను ఎంత అలంకరించినా లోపల సరుకు లేనపుడు ఫలితం ఉండదు.

మనవారికీ ఒక మాట

ఇంతవరకు వర్తకులను, సంస్థలను అన్నాను. భాషాభిమానులమైన మనకూ ఒక మాట చెప్పుకోవాలి. కొందరు రచయితలు క్లయింటు కోరిన ప్రతి మార్పునూ తెలుగు మీద దాడిగా భావిస్తారు. ఫోన్ల మరమ్మతు అంగడివాడు “సెల్‌ఫోను రిపేరు” అని రాయమంటే, కాదు “చరవాణి బాగుచేత” అని పట్టుబడతారు. బళ్లారిలో జీన్సు కుట్టే కార్ఖానావారికి జీన్సు అనే మాట తీసివేసి మరొకటి పుట్టించి ఇస్తారు. ఎవరికోసం? జీన్సు కొనేవాడు జీన్సు అనే వెదుకుతాడు. చెనిక్కాయను తీసి గ్రౌండ్‌నట్ పెట్టడం ఎంత తప్పో, సెల్‌ఫోను తీసి చరవాణి పెట్టడమూ ఈ పనిలో అంతే తప్పు. రెండూ జనం నోటి మాటను కాదనడమే. కొత్త మాటలు పుట్టించవలసిన చోట్లు వేరే ఉన్నాయి. పాఠ్యపుస్తకాలు ఉన్నాయి, పత్రికలు ఉన్నాయి, పాలన ఉన్నది. నూనె అమ్మే పుట అందుకు తగిన చోటు కాదు.

వర్తకునికి తన వ్యాపారం తెలుసు. తన అంగడికి ఏ వేళ ఎవరు వస్తారో, ఏమని అడుగుతారో ఆయనకు తెలిసినంత రచయితకు తెలియదు. కనుక ఆయన కోరే మార్పులలో బంగారం వంటివి కూడా ఉంటాయి. “మా దగ్గర అందరూ ఎర్ర చెనిక్కాయ అనే అడుగుతారమ్మా” అని ఆయన అంటే వెంటనే రాసుకోవాలి. మార్పును చూడగానే ముఖం చిట్లించుకొనే రచయిత తన రాతకే అన్యాయం చేసుకొంటున్నాడు.

మూడు రకాల మార్పులు

మరి ఏ మార్పుకు తలవంచాలి, దేనికి వంచకూడదు? నా సలహా ఇది. వచ్చిన ప్రతి మార్పునూ మూడు గంపలలో ఏదో ఒకదానిలో వేయండి.

మొదటి గంపలో నిజానికి సంబంధించినవి. ధర, చిరునామా, కొలత, సరుకు పేరు, పనివేళలు. వీటిలో క్లయింటు మాటే తుది మాట. మారుమాటాడకుండా దిద్దాలి, ఆలస్యం చేయకూడదు.

రెండవ గంపలో రుచికి సంబంధించినవి. ఈ మాట బాగాలేదు, ఆ వాక్యం పొడవైంది, ఇక్కడ ఇంగ్లీషు మాట ఉంటే హుందాగా ఉంటుంది వంటివి. ఇక్కడ హోదాతో తీర్పు చెప్పకూడదు, సాక్ష్యంతో చెప్పాలి. ఆ సాక్ష్యం డబ్బు ఖర్చు లేకుండా దొరుకుతుంది. గూగుల్ సెర్చ్ కన్సోల్ అనే పనిముట్టు ఏ మాటతో వెదికినపుడు మన పుట ఎన్నిసార్లు కనిపించిందో, ఎందరు నొక్కి లోపలికి వచ్చారో, పదహారు నెలల వరకు వెనుకకు చూపుతుంది. “అయ్యా, తమరు చెప్పినట్లు శీర్షిక మార్చి ఎనిమిది వారాలు చూద్దాము. అంతకుముందు ఎనిమిది వారాలతో పోల్చుదాము. ఏది మేలైతే అది ఉంచుదాము” అని చెప్పండి. ఒకేసారి పది మార్పులు చేయవద్దు. చేస్తే దేనివలన లాభమో దేనివలన నష్టమో తేలదు. మార్పు చేసిన మరునాడే ఫలితం అడగవద్దని కూడా ముందే చెప్పండి, ఎందుకంటే ఇంజను మళ్లీ వచ్చి పుటను చదవడానికే కొన్ని రోజులు, ఒక్కొక్కప్పుడు కొన్ని వారాలు పట్టవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. చాలా తక్కువమంది వెదికిన మాటలను, వెదికినవారి గోప్యత కోసం ఆ పనిముట్టు చిట్టాలో చూపదు. కనుక “చెనిక్కాయ నూనె” అనే మాట చిట్టాలో లేనంత మాత్రాన దానిని ఎవరూ వెదకలేదని తీర్పు చెప్పడం న్యాయం కాదు. సాక్షి మౌనంగా ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్లు కాదు గదా!

మూడవ గంపలో హాని చేసేవి. అబద్ధాలు, రోగాలు నయమవుతాయనే మాటలు, పోటీదారుపై నిందలు, ఇతరుల పుటనుండి ఎత్తి తెమ్మనడం, కంటికి కనిపించకుండా తెలుపు మీద తెల్లని అక్షరాలతో పదాలు దాచమనడం. వీటికి ఒకే జవాబు. మర్యాదగా, రాతపూర్వకంగా, కారణం చెప్పి నిరాకరించడం.

చట్టం ఏమంటున్నది

మూడవ గంపను గురించి కొంచెం వివరించాలి. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006లోని 53వ సెక్షను ఆహార పదార్థాన్ని గురించి తప్పుడు వర్ణనతో గానీ, దాని స్వభావం, నాణ్యతల విషయంలో తప్పుదారి పట్టించేట్లు గానీ ప్రకటన ప్రచురించినవారికి పది లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చునంటున్నది. ప్రచురించినవారికే గాక ఆ ప్రచురణలో భాగస్వాములైనవారికి కూడా అది వర్తిస్తుంది. మధుమేహం దరిచేరదనే వాక్యం రాసిపెట్టిన అమ్మాయి “మామ చెప్పాడు, నేను రాశాను” అని తప్పించుకోగలనని అనుకోరాదు. 2020 జులైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కూడా తప్పుదారి పట్టించే ప్రకటనల మీద జరిమానా విధించే అధికారాన్ని కేంద్ర ప్రాధికార సంస్థకు ఇచ్చింది. కనుక నిరాకరించడం మొండితనం కాదు, క్లయింటును కాపాడడం.

ఇక హక్కుల సంగతి. కాపీరైటు చట్టం, 1957లోని 17వ సెక్షను ప్రకారం రచనకు మొదటి హక్కుదారు రచయితే. జీతం మీద ఉద్యోగిగా రాసినపుడు యజమానికి ఆ హక్కు చెందుతుంది గానీ, విడిగా పని ఒప్పుకొని రాసినవారి విషయంలో, వేరే ఒప్పందం లేనంతవరకు, అది రచయితదే. హక్కును బదిలీ చేయాలంటే 19వ సెక్షను ప్రకారం రాతపూర్వకమైన, సంతకం చేసిన పత్రం ఉండాలి. అందులో కాలవ్యవధి చెప్పకపోతే ఐదేళ్లే అనీ, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే అనీ చట్టం భావిస్తుంది. హక్కు ఇచ్చివేసిన తరువాత కూడా 57వ సెక్షను కింద రచయితకు రెండు అధికారాలు మిగులుతాయి. ఇది నా రచన అని చెప్పుకోవడం ఒకటి. తన పేరు ప్రతిష్ఠలకు భంగం కలిగేట్లు రచనను వికృతం చేస్తే అడ్డుకోవడం మరొకటి. విజ్ఞాన్ భవన్‌లోని తన శిల్పచిత్రాన్ని ఊడదీసి పాడుచేశారని అమర్‌నాథ్ సెహగల్ వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2005లో ఈ సెక్షను కిందనే ఆయనకు నష్టపరిహారం ఇప్పించి, మిగిలిన కళాఖండాన్ని తిరిగి ఇప్పించింది.

నూనె పుట విజ్ఞాన్ భవన్ శిల్పం కాదని నాకు తెలుసు. ఒక్క మాట మార్చినందుకు దావా వేయమని నేను చెప్పడం లేదు. పేరు లేని రాతకు ప్రతిష్ఠాభంగం రుజువు చేయడమూ తేలిక కాదు. కానీ రచయిత అనేవాడు కూలి పుచ్చుకొని పక్కకు తప్పుకోవలసినవాడు కాడనీ, తన రాతతో అతనికి చట్టం గుర్తించిన బంధం ఉన్నదనీ ఇరువైపులా తెలిసి ఉండాలి. కనీసం “మీరు చేసిన మార్పుల తరువాత ఈ పుట మీద నా పేరు ఉంచవద్దు” అనే మాటను ధైర్యంగా రాయగలగాలి.

డబ్బు విషయం మరొకటి. “ఇంకొంచెం మార్చండి, ఇంకొంచెం మార్చండి” అంటూ నెలల తరబడి డబ్బు ఇవ్వనివారు ఉన్నారు. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 62వ సెక్షను ప్రకారం ఒప్పందాన్ని మార్చాలంటే ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి. ఒకరు చెబితే ఒకరు మోయడం ఒప్పందం కాదు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం, 2006 మరింత సూటిగా ఉన్నది. ఉద్యం నమోదు చేసుకొన్న సూక్ష్మ సంస్థ తన సేవను అందించిన పదిహేను రోజులలోగా కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం తెలపకపోతే దానిని స్వీకరించినట్లే లెక్క. ఒప్పందంలో ఎంత గడువు రాసుకొన్నా నలభై ఐదు రోజులు మించకూడదు. ఒంటరిగా రాసుకొనే వ్యక్తి కూడా సేవాసంస్థగా ఈ నమోదు చేసుకోవచ్చు. మన పిల్లలలో ఎందరు చేసుకొన్నారు?

మామను కాగితం అడగడమా?

సరిహద్దు ఊళ్లలో అసలు చిక్కు ఇక్కడున్నది. పని ఇచ్చేది మామో, చిన్నాయనో, నాన్నగారి స్నేహితుడో. “కాగితమేమిటమ్మా, మనలో మనకు!” అంటారు. మార్పులు ఫోనులో చెబుతారు, పెండ్లిలో ఎదురుపడినపుడు చెబుతారు, వాట్సాప్‌లో నోటితో చెప్పి పంపుతారు. మూడు నెలల తరువాత ఎవరు ఏమి చెప్పారో ఎవరికీ గుర్తుండదు. నోటి మాట నీటి మూట. అప్పుడు చెడిపోయేది పుట ఒక్కటే కాదు, బంధుత్వం కూడా.

కాగితం అపనమ్మకానికి గుర్తు అనుకోవడం మనలో పాతుకొన్న భ్రమ. పొలం గట్టున రాయి పాతేది పొరుగువానితో తగవు రాకూడదనే. ఒక్క పుట చాలు. ఏమేమి రాసిస్తారు, ఎంతకు రాసిస్తారు, ఎన్నిసార్లు ఉచితంగా సవరిస్తారు, ఆపైన ప్రతి సవరణకు ఎంత, మార్పు చెప్పే అధికారం ఇంట్లో ఏ ఒక్కరికి ఉన్నది, ఆ మార్పులు రాతలోనే రావాలి, చివరి ఆమోదం తరువాత రచయితకు చెప్పకుండా మారిస్తే ఫలితానికి రచయిత బాధ్యత ఉండదు. ఇంతే. మామ నోటితో చెబితే, ఆ సాయంత్రమే “మామా, తమరు ఇవాళ చెప్పిన మార్పులు ఇవి, సరేనా?” అని రాసి పంపండి. ఆయన “సరే” అన్న ఒక్క మాటే రేపు సాక్ష్యమవుతుంది. ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిన ఒప్పందాలు చెల్లుతాయని సమాచార సాంకేతిక చట్టంలోని 10ఎ సెక్షను చెబుతున్నది. అటువంటి రికార్డులను ధ్రువపత్రంతో సాక్ష్యంగా స్వీకరించే పద్ధతిని 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను నిర్దేశిస్తున్నది. మొదటి ప్రతి మొదలు చివరి ప్రతి దాకా ప్రతిదానినీ తేదీ వేసి విడివిడిగా దాచుకోండి. పుట వెలువడిన రోజున దాని రూపాన్ని పట్టి ఉంచుకోండి.

ఈ తర్కం మనకు కొత్తది కాదు

ఇదంతా కొందరి వ్యాపారపు గొడవ, ఉద్యమానికి దీనితో ఏమి పని అని అడిగేవారు ఉండవచ్చు. పని ఉన్నది. ఉపాధ్యాయుని వేయరు, పుస్తకాలు వేళకు పంపరు, ఆ తరువాత “తెలుగు బడికి పిల్లలు రావడం లేదు” అని రాసుకొని మూసివేస్తారు. ఈ తర్కాన్ని మన కుటుంబాలు తరతరాలుగా ఎదుర్కొంటున్నాయి. నిర్బలం చేసి, నిర్బలంగా ఉన్నదనే కారణం మీద తొలగించడం అందులోని సూత్రం. బడి విషయంలో ఆ పని ప్రభుత్వాలు చేస్తే అర్జీలు పెట్టాము, కోర్టులకెక్కాము, 350ఎ అధికరణాన్ని ఎత్తిచూపాము. అదే పనిని మన అంగడి పుటలో మన చేతులతో మనమే చేసుకొంటే ఏ కోర్టుకెక్కుతాము? ఏ అధికరణాన్ని చూపుతాము?

వెబ్‌సైటులో తెలుగు పుట ఒక్కటి పోతే ఏమవుతుందని తేలికగా తీసుకోవద్దు. ఒక వర్తకుడు తీసివేస్తే పక్క వర్తకుడు పెట్టడం మానుకొంటాడు. పెట్టేవారు లేకపోతే రాసే అమ్మాయికి పని పోతుంది. తెలుగు చదివితే పని దొరకదనే మాటకు మరొక రుజువు దొరుకుతుంది. ఆ రుజువును చూపి మరొక తండ్రి తన బిడ్డను తెలుగు తరగతినుండి మాన్పిస్తాడు. నూనె పుటలో మేనల్లుడు మార్చిన ఒక్క మాట నడిచే దూరం ఇంత.

వర్తక సోదరులకు నా విన్నపం ఇది. తెలుగు పుటను తీసివేసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. రచయిత ఇచ్చిన మొదటి ప్రతి మీ వద్ద ఉన్నదా? దానిలో ఎవరెవరు ఏమేమి మార్చారో చెప్పగలరా? మార్పుకు ముందూ తరువాతా వచ్చినవారి లెక్క చూశారా? మూడింటికీ జవాబు ఉంటేనే తీర్పు చెప్పండి. లేకపోతే మొదటి ప్రతిని తిరిగి పెట్టి, మూడు నెలలు ముట్టుకోకుండా ఉంచి, అప్పుడు లెక్క చూడండి.

రాసే పిల్లలకు, వారి తల్లిదండ్రులకు మరొక విన్నపం. మర్యాద తప్పవద్దు, కాగితం విడువవద్దు. మంచి మార్పును కళ్లకద్దుకోండి. రుచి మార్పును పరీక్షకు పెట్టండి. హాని చేసే మార్పును రాతపూర్వకంగా తిప్పి పంపండి. ఆపైన కూడా పుటకు ఎవరూ రాకపోతే, ఆ రాత బాగాలేదని ఒప్పుకొని మళ్లీ రాద్దాం. కానీ ఇతరులు చెరిపి రాసిన రాతకు మన నుడిని బోనులో నిలబెడితే మాత్రం ఊరుకోవలసిన పనిలేదు. ప్రతుల కట్టను బల్ల మీద పెట్టి, ఏ మాట ఎవరిదో చదివి వినిపించండి.